పదిహేడో నంబరు ఫొటో

పదహారు ఉంది. పద్దెనిమిది ఉంది. మధ్యలో పదిహేడు లేదు.

పీరయ్య బోర్డు ముందు నిలబడి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అద్దాలు తుడిస్తే ఫొటో తిరిగి రాదని ఆయనకూ తెలుసు. కానీ పదిహేను రోజులు కాళ్లరిగేలా తిరిగి, తీరా ఆఖరి రోజు పొద్దున ఖాళీ జాగా ముందు నిలబడాల్సి వచ్చిన మనిషి చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

జుబైల్‌లోని ఆ ఇండియన్ స్కూల్లో ఏటా ఫిబ్రవరి ఆఖరున క్లబ్ డే జరుపుతారు. పిల్లలు ఏడాది పొడుగునా చేసిందంతా ఆ రోజు హాల్లో పరుస్తారు. సైన్స్ క్లబ్ మోడళ్లు, లిటరరీ క్లబ్ చేతిరాత పత్రిక, ఎకో క్లబ్ నాటిన మడ మొక్కల పటం, హెరిటేజ్ క్లబ్ వంటలు, ఫొటోగ్రఫీ క్లబ్ ఎగ్జిబిషన్. ఆడపిల్లల సెక్షన్ కనుక ఎనిమిది నుంచి పదిన్నర దాకా లేడీస్ టైం. ఆ తరువాతే తండ్రులకూ మిగతా మగవాళ్లకూ ప్రవేశం. పది ఇరవై తొమ్మిదికి గేటు దగ్గర నిలబడ్డ మొదటి మగవాడు పీరయ్యే.

పీరయ్యది జగిత్యాల దగ్గర. పదకొండేళ్లుగా ఇక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో సేఫ్టీ ఇన్‌స్పెక్టరు. ప్లాంటులో ఎవడి వేలు నలిగినా, ఏ బండి దేన్ని గుద్దినా విచారణ జరిపి రిపోర్టు రాసేది ఆయనే. క్యాంపులో అందరూ ఆయన్ను ఎంక్వైరీ పీరయ్య అనే పిలుస్తారు. ఈ ఎంక్వైరీ మాత్రం కంపెనీ అప్పజెప్పింది కాదు. కంపెనీ మీదే నడుస్తున్నది.

భూమేష్ అనే నిర్మల్ మనిషి కోసం నడుస్తున్నది. అదే కంపెనీలో హెల్పరు. ఫిబ్రవరి పదో తారీఖు శనివారం నాడు సముద్రం ఒడ్డున ఎకో క్లబ్ పిల్లలు మడ మొక్కలు నాటారు. ఆ కార్యక్రమానికి కంపెనీయే స్పాన్సరు, గుంతలు తవ్వడానికి ఎనిమిది మందిని పంపింది. వాళ్లలో భూమేష్ ఒకడు. అదే రోజు కంపెనీ అతని మీద హురూబ్ కొట్టింది. హురూబ్ అంటే ఫలానా వాడు పని వదిలి పారిపోయాడని కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, సర్కారు కంప్యూటరుకు ఎక్కించే మాట. అది ఎక్కిందంటే ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డు, చెల్లదు. దొరికిన చోట పట్టుకుని తర్హీల్ జైల్లో వేస్తారు, అక్కడి నుంచి ఇంటికి, మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టకుండా. పదిహేను రోజుల్లోగా తప్పని రుజువు చేస్తే తీసేస్తారు. ఆ పదిహేనో రోజు ఇవాళే. లేబర్ ఆఫీసు కౌంటరు రెండింటికి మూస్తారు.

కంపెనీకి భూమేష్ మీద కోపమేమీ లేదు. అదే పీరయ్యకు ఎక్కువ బాధ. సౌదీలెందరో పరదేశీలెందరో చూసి కంపెనీలకు సర్కారు రంగులిచ్చే నితాఖత్ లెక్కలో కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపు నుంచి బయటపడాలంటే సౌదీల సంఖ్య పెంచాలి, లేదా పరదేశీల సంఖ్య తగ్గించాలి. మర్యాదగా ఇంటికి పంపితే టికెట్టు కొనాలి, సర్వీసు డబ్బు కట్టివ్వాలి. పారిపోయాడని రాస్తే రెండు మీటలు నొక్కితే చాలు. పేరు పట్టీలో ఎవరి పేరు మీద వేలు పడితే వాడు పారిపోయినట్టే.

ఆ మధ్యాహ్నం రెండు యాభై ఒకటికి భూమేష్ ఫోనుకు అరబ్బీలో ఒక మెసేజ్ వచ్చింది. అలాంటివి రోజుకు పది వస్తాయి. బ్యాలెన్సు ఆఫరేమోలే అనుకుని జేబులో పడేసి మళ్లీ పార అందుకున్నాడు. తాను పారిపోయాడన్న కబురు అదేనని సాయంత్రం క్యాంపు గేటు దగ్గర ఆపినప్పుడు గానీ తెలియలేదు. ఆనాటి నుంచి పాత బజారు వెనక ఎల్లన్న అనే ట్యాంకరు డ్రైవరు గదిలో తలదాచుకున్నాడు. ఆ సంగతి ఎల్లన్నకు, పీరయ్యకు తప్ప మూడోవాడికి తెలియదు. తోటి ఏడుగురిని సాక్ష్యం అడిగితే ఏడుగురూ నేల చూపులు చూశారు. వాళ్లకూ ఇఖామాలున్నాయి మరి.

"అన్నా, ఒక ఆడపిల్ల పెద్ద కెమెరాతోని నన్ను ఫొటో తీసింది. పేరు గూడ అడిగి రాసుకున్నది" అని భూమేష్ నాలుగు రోజుల కింద గుర్తు తెచ్చుకున్నాడు. ఆ ఆడపిల్లే ఇప్పుడు పీరయ్య ఎదురుగా నిలబడి ఉంది. పేరు జైనాబ్, పన్నెండో తరగతి, ఫొటోగ్రఫీ క్లబ్ ప్రెసిడెంటు. పక్కనే వాళ్లమ్మ సుల్తానా. అదే స్కూల్లో టీచరు, క్లబ్బులన్నింటికీ ఇన్‌ఛార్జి. కర్నూలు వాళ్లు. జెంట్స్ టైంలో ఆడపిల్లలను ఇళ్లకు పంపేస్తారు. తల్లి పక్కన ఉంటే ప్రెసిడెంట్లు మాత్రం ఆగవచ్చు.

"ఎప్పుడు పెట్టినవ్ బిడ్డా ఈ ఫొటోలు?"

"నిన్న అంకుల్. నాలుగింటికల్లా ట్వెంటీ ఫోర్ ఫొటోలూ పిన్ చేసేశాను. ఇవాళ సెవెన్ ఫిఫ్టీన్‌కి వచ్చి మళ్లీ చెక్ చేశాను. అన్నీ ఉన్నాయి."

"లేదని ఎప్పుడు చూసినవ్?"

"తొమ్మిది నలభైకి. తొమ్మిదింటి నుంచి క్లబ్స్ ప్రైజ్ గివింగ్ కదా, అందరం కోర్ట్‌యార్డ్‌లో ఉన్నాం. వచ్చి చూస్తే ఇది లేదు."

"అప్పుడు హాలుకు తాళం ఉన్నదా?"

"ఉంది. కీ అమ్మ దగ్గరే ఉంటుంది."

సుల్తానా టీచరు చేతిలోని క్లబ్బుల రిజిస్టరు మూసి, తెరిచి, మళ్లీ మూసింది. పీరయ్య ఆ చేతుల వైపు ఒకసారి చూసి బోర్డు వైపు తిరిగాడు.

"కెమెరాల ఉంటది గద బిడ్డా అసలుది?"

జైనాబ్ ముఖం చిన్నబోయింది. "క్లబ్‌కి ఒకటే కార్డ్ అంకుల్. ఈవెంట్‌కి ముందు ఫార్మాట్ చేయాలి, అది మా రూల్. మొన్న స్పోర్ట్స్ క్లబ్ ఫైనల్స్‌కి చేసేశాం. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉండేది. స్పాన్సర్ కంపెనీ వాళ్లు అడిగారని ఆఫీసు నుంచి పంపించేశారు. ఇక ఉన్నది ప్రింట్ ఒక్కటే."

స్పాన్సరు అంటే ఎవరో పీరయ్యకు చెప్పనక్కర్లేదు.

"ఫొటోల భూమేష్ ఏం చేస్తుండె?"

"గుంతలో నిలబడి ఉన్నారు. మోకాళ్ల దాకా నీళ్లు. చేతిలో పార. నేను పిలిస్తే ఎండ కళ్లలో పడుతోందని చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. మేమంతా కలిసి రెండు వందల మొక్కలు నాటాం, అందులో నలభై గుంతలు ఆయన ఒక్కరే తవ్వారు. అందుకే ఆ టైటిల్ పెట్టాను."

టైటిలు రాసిన అట్టముక్క ఇంకా బోర్డు మీదే ఉంది. పదిహేడు, నలభై గుంతల చేతులు. దాని పైన చేటంత ఖాళీ.

పీరయ్య ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ప్రమాదం జరిగిన చోట ఆయన మొదట చూసేది పోయినదాన్ని కాదు, మిగిలినదాన్ని. ఫొటోను గుంజి తీసుంటే కాగితం మూలలు చిరిగి పిన్నుల కిందే ఉండిపోయేవి. ఒక్క పీలిక కూడా లేదు. నేల మీద వెతికాడు, పిన్నులు రాలి లేవు. చివరికి బోర్డు కింది చెక్క మీద కనిపించాయి. నాలుగు పిన్నులూ ఒకే వరసలో, వేలెడు వేలెడు దూరంలో, తలలన్నీ సమానంగా గుచ్చి ఉన్నాయి. దొంగతనానికి వచ్చినవాడు పిన్నులను ఇంత భద్రంగా పెట్టి పోడు. రేపు ఇంకో బోర్డుకు పనికొస్తాయని దాచడం ఏళ్ల తరబడి బోర్డులు అలంకరించిన చేతికి ఉండే అలవాటు.

అదీగాక పోయింది తొమ్మిదికీ తొమ్మిది నలభైకీ మధ్యన. అంటే లేడీస్ టైంలో. ప్రిన్సిపాలు భర్త వచ్చినా గేటు దగ్గర ఆపే సమయం అది. హాలుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంది.

జవాబు దొరికితే పీరయ్యకు మామూలుగా మీసం కింద నవ్వు వస్తుంది. ఇవాళ రాలేదు. పిల్ల ముందు తల్లిని ఎలా అడగాలో తోచక, మెడ రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఇంతలో వెనక నుంచి అత్తరు వాసన వచ్చింది.

"ఏంటండీ పీరయ్య గారూ! డ్యూటీ టైంలో క్లబ్ డేకి వచ్చారా? మీ పిల్లలెవరూ ఇక్కడ చదవట్లేదు కదా?"

ప్రభాకర్. కంపెనీ హెచ్చార్ ఆఫీసరు. కాకినాడ మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. చేతిలో హెరిటేజ్ క్లబ్ వాళ్ల కాగితం పళ్లెం, అందులో గుంత పొంగనాలు. పదహారేళ్ల ఆడపిల్లలు తెల్లారకముందే లేచి చేసినవి. ఒకటి నోట్లో వేసుకుంటూ బోర్డును పైనుంచి కిందికి తీరిగ్గా చూశాడు. సమయం పదీ నలభై ఎనిమిది.

"నీకు గూడ పిల్లలు లేరు గద ప్రభాకరూ ఈ స్కూల్ల" అన్నాడు పీరయ్య.

"నేను స్పాన్సర్ సైడ్ నుంచి వచ్చానండీ. చీఫ్ గెస్ట్ టైపు." నవ్వాడు. "మీరు ఆ భూమేష్ కేసు మీదే ఉన్నారని తెలుసు. పర్సనల్‌గా నాకు సింపతీ ఉంది. కానీ రికార్డ్ క్లియర్‌గా ఉంది కదా. ట్వెల్వ్ థర్టీ నుంచి మనిషి సైట్‌లో లేడు. ఫోర్‌మన్ రిపోర్ట్ ఇచ్చాడు. టూ ఫిఫ్టీ వన్‌కి సిస్టమ్‌లో పెట్టాం. అంతే."

"సైట్ల ఉన్నడు. గీ బిడ్డ ఫొటో తీసింది."

"ఏ ఫొటో? నేనైతే చూడలేదు. ఇక్కడా లేదు." ఖాళీ జాగా వైపు పళ్లెంతో చూపించాడు. "సరే, ఉందనే అనుకుందాం. ఈవెనింగ్ ఆరు దాటాక తీసిన ఫొటోతో ఏం ప్రూవ్ చేస్తారండీ? అప్పటికి డ్యూటీ అయిపోయింది. పారిపోయినవాడు సాయంత్రం బ్యాగ్ కోసం తిరిగొచ్చాడు. పిల్లలు పార చేతికిచ్చి పోజు పెట్టమన్నారు. దట్సాల్."

పీరయ్య తొందరపడలేదు. ఆయన ఎంక్వైరీల్లో అబద్ధాలు చెప్పేవాళ్లు సాధారణంగా రెండో ప్రశ్నకు కాదు, అడగని ప్రశ్నకు జవాబు చెప్పి దొరికిపోతారు.

"ఆరు దాటినంక అని ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఫొటో మీదే ఉంది కదా, సిక్స్ నాట్ ఫోర్..." అనేసి ప్రభాకర్ ఆగిపోయాడు.

"ఫొటో చూడలేదంటివి."

నోరు జారిందని ప్రభాకర్‌కు తెలిసిపోయింది. ఒక పొంగనం తీసుకుని నెమ్మదిగా నమిలాడు. అంతసేపట్లో ముఖం మళ్లీ సర్దుకుంది. "ఆల్బమ్ మా ఆఫీసుకు వచ్చింది. వందల ఫొటోలు. యాన్యువల్ రిపోర్ట్ కోసం చూసుంటాను. అదేమైనా క్రైమా? టైమ్ ఇంపార్టెంట్ అండీ. స్టాంప్ మీద పద్దెనిమిది జీరో నాలుగు ఉంది. అంటే సాయంత్రం ఆరూ నాలుగు. లేబర్ ఆఫీసులో కూడా అదే చదువుతారు."

"బిడ్డా," పీరయ్య జైనాబ్ వైపు తిరిగాడు, "ఎండ కళ్లల్ల పడ్డదంటివి గద?"

"అవును అంకుల్."

"ఫిబ్రవరిల జుబైల్‌ల మగ్రిబ్ అజా ఎన్నింటికైతది ప్రభాకరూ? పదకొండేండ్ల సంది ఇంటున్న. ఐదున్నర గాకముందే పొద్దు గూకుతది. ఆరింటికి ఎండ ఎక్కడిది? నువ్వేమన్న పట్టుకొచ్చినవా కాకినాడ నుంచి?"

ప్రభాకర్ పళ్లెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"గా కెమెరా ఎక్కడిది బిడ్డా?"

"మా మామయ్య కర్నూలు నుంచి తెచ్చారు. పోయిన సమ్మర్..." జైనాబ్ కళ్లు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. "అంకుల్! ఇండియా టైమ్! నేను టైమ్ మార్చనే లేదు!"

అంతే సంగతి. గల్ఫులో ఉన్న ప్రతి తెలుగింట్లో ఒక గడియారమో, ఒక ఫోనో ఇండియా టైముకే నడుస్తుంటుంది. అమ్మకు ఫోన్ చేసేముందు రెండున్నర గంటలు కలుపుకోవడం పిల్లలకు ఎక్కాలకన్నా ముందు వస్తుంది. కెమెరా కూడా ఆ ఇంటి సభ్యురాలే కదా, ఎవరూ దాన్ని మార్చలేదు.

"పద్దెనిమిది సున్నా నాలుగుల నుంచి రెండున్నర తీసెయ్యి" అన్నాడు పీరయ్య. "మూడూ ముప్పై నాలుగు. నువ్వు రెండూ యాభై ఒకటికి పారిపోయిండని రాసినోడు, నలభై మూడు నిమిషాల తర్వాత మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి నీ కంపెనీ కోసమే గుంత తవ్వుతుండె. పారిపోయినోడు ఎక్కడన్న గట్ల తవ్వుతడా?"

హాల్లో ఇంకెవరో తండ్రి సైన్స్ మోడల్ మీట నొక్కాడు, చిన్న ఫ్యాను గిర్రున తిరిగింది. ప్రభాకర్ మెచ్చుకోలుగా తల ఊపాడు. నిజంగానే మెచ్చుకున్నాడు, అదే చిత్రం.

"బ్యూటిఫుల్. మీరు ఇండియాలో ఉంటే సీఐ అయ్యేవారు. కానీ ఫొటో ఏదండీ?" అన్నాడు. తరువాత సుల్తానా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, ఎంతో మర్యాదగా, "టీచర్ గారూ, మన కంపెనీలో పనిచేసే మీ సార్ ఇఖామా రెన్యువల్ నా టేబుల్ మీదే ఉంది. మీ డిపెండెంట్స్ ముగ్గురివీ కలిపి. లెవీ కట్టేముందు ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో మేనేజ్‌మెంట్ లిస్ట్ చూస్తోంది. పాపకి బోర్డ్ ఎగ్జామ్స్ ఎప్పుడు? వచ్చే వారమేనా? ఆల్ ది బెస్ట్ అమ్మా" అన్నాడు.

జైనాబ్ బోర్డు వైపు తిరిగిపోయింది. తల్లి మాత్రం "థ్యాంక్యూ సార్" అంది. ఆ రెండు మాటలు విని పీరయ్యకు ఒళ్లు మండిపోయింది. కానీ ఏం చేస్తాడు? చెయ్యి చేసుకుంటే ఇప్పుడే పోలీసులు వస్తారు, భూమేష్ సంగతి అక్కడితో సరి.

ప్రభాకర్ వెంటనే వెళ్లిపోతాడనుకుంటే వెళ్లలేదు. లిటరరీ క్లబ్ పత్రిక తిరగేశాడు. మడ మొక్కలు ఉప్పునీళ్లలో ఎలా బతుకుతాయో ఎకో క్లబ్ పటం ముందు నిలబడి చదివాడు. పీరయ్యను పిలిచి లేబర్ రూల్సు గురించి, అప్పీలు గురించి, పాత క్యాంపు రోజుల గురించి కబుర్లు పెట్టాడు. అతను కదిలితే గానీ టీచరుతో మాట్లాడలేడు పీరయ్య. అందుకని పళ్లు బిగబట్టి ఊకొట్టాడు. పదకొండు ఇరవైకి ప్రభాకర్ జేబులో ఫోను కదిలింది. తీసి చూసుకుని లోపల పెట్టుకున్నాడు. కాగితం పళ్లెం చెత్తబుట్టలో వేసి, చేతులు తుడుచుకుని, "బెస్టాఫ్ లక్ పీరయ్య గారూ" అని చేయి కలిపి మరీ పోయాడు.

గేటు దాకా అతను వెళ్లడం చూసి పీరయ్య వెనక్కి వచ్చాడు. ఇక దాచిపెట్టి మాట్లాడే సమయం లేదు.

"టీచరమ్మా, పిన్నులు మంచిగ వరసల గుచ్చినవ్."

సుల్తానా తల ఎత్తలేదు.

"నేను గూడ రిపోర్టులు రాసేటోన్ని. ఎవరి చెయ్యి ఎట్లుంటదో నాకెరుకే. తాళంచెవి నీ దగ్గర, టైం లేడీస్ టైం. నిన్ను తప్పు పడుతలేనమ్మా. గంటన్నరలో లేబర్ ఆఫీసుల ఉండాలె నేను."

"అమ్మా?" జైనాబ్ తల్లి మోచెయ్యి పట్టుకుంది. "నువ్వా? పొద్దుట్నుంచి నాతో కలిసి వెతికావు కదా? టేబుళ్ల కింద కూడా చూశావు!"

"నేనేం చేసేదే? చెప్పు, నేనేం చేసేది?" సుల్తానా గొంతు పగిలిపోయింది. "పొద్దున తొమ్మిదింటికి మీ నాయన ఫోన్ చేసినారు. ఇప్పుడు పోయిన ఆయప్ప మీ నాయనకు చేసి చెప్పినాడంట, మీ పాప పెట్టిన బోర్డులో మా లేబరు ఫొటో ఉంటే మీ నలుగురికీ ఈ రోజే ఎగ్జిట్ కొడతామని. మీ నాయన ఏడిచినారే ఫోన్లో. పెండ్లైన ఇరవై ఏండ్లలో ఆ మనిషి ఏడిచేది నేను వినలేదు. నీ పరీక్షలు ఎనిమిది రోజుల్లో ఉండాయి. ఇప్పుడు పంపిస్తే నీకు ఈ ఏడాది పాయె కదా?"

చేతిలోని రిజిస్టరు తెరిచి పీరయ్య ముందుకు తోసింది. మొదటి పేజీలో ఫొటోగ్రఫీ క్లబ్ సభ్యులు ముప్పై ఒక్క మంది. ఇరవై రెండు పేర్ల మీద ఎర్ర గీతలు. ప్రతి గీత పక్కన ఒకే మాట, ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్లీ రాకుండా ఇంటికి. పోయిన జూలైలో కుటుంబాల మీద తలకింత అని లెవీ పన్ను మొదలయినప్పటి నుంచి ఒక్కొక్కరే. ఎకో క్లబ్, సైన్స్ క్లబ్, ఏ పేజీ తిప్పినా అంతే.

"ఈ గీతలన్నీ నేనే గీసినా సార్. ప్రతి నెలా మొదటి తారీఖు. నా పాప పేరు మీద నా చేత్తో గీయలేక ఆ ఫొటో పీకినా. ఆ భూమేష్ ఎవరో నాకు తెలీదు. ఆయనకూ ఇంట్లో ఆడమనిషి ఉంటుంది కదా, అదీ తెలుసు. తెలిసే పీకినా."

నిర్మల్ దగ్గర పల్లెలో పుష్ప అని భూమేష్ భార్య ఉంది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "అన్నా, నా పెనిమిటి కాయితం అయిందా" అని అడుగుతుంది. ఆమె కోసం ఈమెను బలిపెట్టాలా? తన లెక్క ప్రకారం ఫొటో కౌంటరు మీద పెట్టిన మరుగంటలో ఈ పిల్ల తండ్రి పేరు లిస్టు పైకి ఎక్కుతుంది. ఇన్నేళ్లలో ఎన్నో ఎంక్వైరీలు చేశాడు. నిజం తేలితే ఎవరో ఒకరికి మేలు జరిగేది. ఈ నిజానికి మాత్రం ఎటు తిప్పినా ఒక ఇల్లు కూలుతుంది.

ఆయన నోరు తెరవకముందే జైనాబ్ తల్లి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. పాఠాల పుస్తకం మధ్యలోంచి ఫొటో తీసింది. సుల్తానా ఆపబోయి, పిల్ల ముఖం చూసి చెయ్యి వదిలేసింది.

"తీసుకోండి అంకుల్. నేను తీసిన ఫొటో. వెనకాల నా పేరు, తారీఖు రాసి సంతకం కూడా చేస్తాను. కెమెరా టైమ్ గురించి లెటర్ రాయమంటే రాస్తాను."

"జైనాబ్..."

"పరీక్ష మళ్లీ రాయొచ్చమ్మా" అంది. అనడం అయితే అంది కానీ తల్లి వైపు మాత్రం చూడలేదు. పదిహేడేళ్ల పిల్ల, ఎంతైనా.

పీరయ్య రెండు చేతులతో అందుకున్నాడు. భూమేష్ ఎండకు కళ్లు చికిలించి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. వెనక తడి మట్టి కుప్పలు. కుడివైపు మూలలో నారింజ రంగు అంకెలు, 18:04. ఇన్నాళ్లకు మొదటిసారి పీరయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. పదకొండు నలభై ఆరు అయింది. పాత బజారు ఇక్కడికి పది నిమిషాలు, అక్కడి నుంచి లేబర్ ఆఫీసు ఇంకో పదిహేను. మధ్యలో నమాజుకు అరగంట మూసినా సరే, ఒంటిగంటకు కౌంటరు ముందు ఉండవచ్చు. భూమేష్ స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తేనే ఫిర్యాదు తీసుకుంటారు. వెంటనే ఎల్లన్నకు ఫోన్ కలిపాడు.

"ఎల్లన్నా, భూమేష్‌ను తయారుండమను. ఫొటో దొరికింది. నేను వస్తున్న."

అవతల ఎల్లన్న నవ్వాడు. "ఏందన్నా, గింత లేటుగ చెప్తున్నవ్? ఆయన తయారై పోయె గద. నువ్వు పంపిన బండి అచ్చి అరగంట దాటె."

"ఏం బండి?"

"మీ కంపెనీ తెల్ల పికప్పే. ఇద్దరచ్చిండ్రు. ఫొటో దొరికింది, పీరయ్య లేబర్ ఆఫీసుల కూసున్నడు, జల్ది తీస్కరమ్మన్నడు అన్నరు. భూమేష్ ఉతికిన అంగీ తొడుక్కొని, దేవునికి దండం పెట్టుకొని మరీ ఎక్కిండు."

పీరయ్య గోడకు ఆనుకున్నాడు. అరగంట. పదకొండు ఇరవైకి ప్రభాకర్ జేబులో కదిలిన ఫోను ఆయనకు ఇప్పుడు అర్థమైంది. ఆ మడ మొక్కల పటం, ఆ పాత క్యాంపు కబుర్లు, అన్నీ అర్థమయ్యాయి. ఫొటో కోసం వచ్చినవాడైతే ఫొటో వెతికేవాడు. తనను కదలకుండా పట్టుకోవడానికి వచ్చాడు.

మరి గది ఎలా తెలిసింది? ఆ ప్రశ్న వేసుకోగానే జవాబూ దొరికింది. నిన్న రాత్రి అన్నం డబ్బా ఇచ్చివచ్చింది కంపెనీ పికప్పులోనే. మొన్నా అంతే. కంపెనీ బండ్లన్నిటికీ ట్రాకరు ఉంటుంది. ఏ బండి ఏ సందులో ఎన్ని నిమిషాలు ఆగిందో ఆఫీసులో కూర్చుని చూడవచ్చు. ఎందరు డ్రైవర్లు అబద్ధం చెప్పినా ఆ కాగితాలు జతచేసి పట్టించింది ఎవరు? తనే. పరాయివాళ్ల బండ్లలో అన్నేళ్లుగా వెతికిన మనిషికి తన బండిలోనూ అదే ట్రాకరు ఉందన్న ఆలోచన ఒక్కసారి రాలేదు.

ఈపాటికి ఏ ఆఫీసు గదిలోనో భూమేష్ ముందు అరబ్బీ కాగితం పెట్టి ఉంటారు. హురూబ్ తీసేసే కాగితమనే చెబుతారు. తనంతట తానే పని మానేశానని ఒప్పుకునే కాగితమని అతనికి ఎలా తెలుస్తుంది? మెసేజే చదవలేనివాడు. పీరయ్య పంపాడన్న నమ్మకంతో, నవ్వుతూ, బొటనవేలు సిరాలో ముంచుతాడు.

"ఏమైంది సార్?" అంది సుల్తానా.

పీరయ్య ఫోనులోకి, తనకే వినీవినబడనంత మెల్లగా, "నేను ఏ బండీ పంపలేదు ఎల్లన్నా" అన్నాడు.

అవతల నుంచి ఎల్లన్న గొంతు వచ్చింది, ఏడుపు కలిసిన గొంతు.

"గట్లనకు అన్నా. పోలీసులచ్చినా తీయనని గడియ పెట్టుకొని కూసున్నోన్ని. నీ పేరు చెప్పిండ్రనే తలుపు తీసిన."